హై వోల్టేజీ ఇంపల్స్ జనరేటర్‌ను ల్యాబ్‌లో నడపడం ఎలా? సమగ్ర మార్గదర్శి

"సెట్టింగులు ఏం పెట్టాలి?", "తరంగం ఎందుకు వంకరగా వస్తోంది?", "షాట్ అయ్యాక ఎంతసేపటికి లోపలికి వెళ్ళొచ్చు?" ఇంపల్స్ జనరేటర్ (పిడుగులాంటి క్షణిక హై వోల్టేజీ పల్స్ పుట్టించే యంత్రం) దగ్గర కొత్తగా చేరినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్నలివి. ఒక్కో పల్స్‌ను షాట్ అంటారు. మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. దాన్ని చాలామంది చివర్లో అడుగుతారు, కొందరు అసలు అడగరు.

ఇక్కడ చెప్పేది మార్క్స్ సర్క్యూట్ మీద పనిచేసే, గాలి గ్యాప్‌లు (రెండు లోహ గోళాల మధ్య ఖాళీలు) ఉన్న బహుళ స్టేజీల జనరేటర్ గురించి. ఇందులో కెపాసిటర్లు సమాంతరంగా ఛార్జ్ అవుతాయి. గ్యాప్‌లు పేలగానే సిరీస్‌లోకి మారి వోల్టేజీలన్నీ కలుస్తాయి. లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం: 5 స్టేజీలు, స్టేజీకి 0.1 మైక్రోఫారడ్, స్టేజీకి 60 కిలోవోల్టుల ఛార్జింగ్, 2 నానోఫారడ్ల లోడ్. కావలసింది 1.2/50 మైక్రోసెకన్ల ప్రామాణిక లైట్నింగ్ ఇంపల్స్, అంటే దాదాపు 1.2 మైక్రోసెకన్లలో పీక్‌కు ఎక్కి (ఫ్రంట్), 50 మైక్రోసెకన్లకు సగానికి పడే (టెయిల్) తరంగం.

మీ యంత్రం అంకెలు వేరుగా ఉంటాయి. తయారీదారు మాన్యువల్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే మాన్యువల్‌నే అనుసరించండి. ఆ యంత్రం మీద శిక్షణ ఉన్నవాళ్ళు పక్కన లేకుండా మొదటి షాట్ కొట్టకండి.

## 1. ముందు కాగితం మీద లెక్క

శక్తి. కెపాసిటెన్స్‌ను వోల్టేజీ వర్గంతో గుణించి సగం చేస్తే జౌల్స్ వస్తాయి. మన ఉదాహరణలో ఒక్కో స్టేజీలో 180 జౌల్స్, అయిదింటిలో కలిపి 900 జౌల్స్. ఈ వోల్టేజీల దగ్గర 10 జౌల్స్ కూడా ప్రమాదకరమే. అంటే మొత్తం యంత్రం సంగతి అలా ఉంచి, మిగిలిపోయిన ఒక్క స్టేజీ చాలు ప్రాణం తీయడానికి.

రాబోయే పీక్. అయిదు స్టేజీలు సిరీస్‌లోకి వస్తే జనరేటర్ కెపాసిటెన్స్ 20 నానోఫారడ్లు అవుతుంది. 2 నానోఫారడ్ల లోడ్ పెడితే వోల్టేజీ 20/22 వంతు, అంటే సుమారు 91 శాతం రావాలి. టెయిల్ రెసిస్టర్ల వల్ల మరికాస్త పోతుంది. కాబట్టి 300 కిలోవోల్టులు ఛార్జ్ చేస్తే 260 నుంచి 270 దాకా ఆశించండి.

రెసిస్టర్లు. 1.2/50 తరంగానికి పనికొచ్చే రెండు ఉజ్జాయింపు సూత్రాలు:

- ఫ్రంట్ టైమ్ = 2.96 × ఫ్రంట్ రెసిస్టెన్స్ × (జనరేటర్, లోడ్ కెపాసిటెన్స్‌ల సిరీస్ విలువ)
- టెయిల్ టైమ్ = 0.73 × టెయిల్ రెసిస్టెన్స్ × (ఆ రెండు కెపాసిటెన్స్‌ల మొత్తం)

సిరీస్ విలువ 1.82 నానోఫారడ్లు, మొత్తం 22 నానోఫారడ్లు. లెక్క కడితే ఫ్రంట్ రెసిస్టెన్స్ మొత్తమ్మీద 223 ఓమ్‌లు, స్టేజీకి 45 చొప్పున. టెయిల్ రెసిస్టెన్స్ సుమారు 3,100 ఓమ్‌లు, స్టేజీకి 620 చొప్పున. దగ్గర్లో దొరికే విలువ పెట్టి, తర్వాత తక్కువ వోల్టేజీ షాట్‌లో సరిచూసుకోవచ్చు.

లోడ్ కెపాసిటెన్స్ అంటే టెస్ట్ పీస్ (పరీక్షించే వస్తువు) ఒక్కటే కాదు. డివైడర్ (కొలవడానికి వోల్టేజీని తగ్గించి ఇచ్చే పరికరం) కెపాసిటెన్స్‌ను కూడా అందులో కలపాలి. దాన్ని మరిచిపోతే ఫ్రంట్ అనుకున్నదానికన్నా నెమ్మదిగా వస్తుంది.

## 2. దూరాలు, ఎర్తింగ్

రెండు గోళాల మధ్య దగ్గరి గ్యాప్‌లో గాలి సెంటీమీటరుకు దాదాపు 30 కిలోవోల్టుల దాకా తట్టుకుంటుంది. ఈ అంకె చూసి కంచె దూరం నిర్ణయించడం పెద్ద పొరపాటు. మొనదేలిన కొన ఎదురుగా నేలో గోడో ఉంటే, పాజిటివ్ ఇంపల్స్‌కు మీటరు దూరాన్ని దాటడానికి సుమారు 500 కిలోవోల్టులు చాలు. మన 260 కిలోవోల్టులు అర మీటరు దూకేయగలవు. చుట్టుపక్కల ఎర్త్ అయిన లోహాలన్నిటికీ దానికి కనీసం రెండింతల దూరం ఉంచండి. మనుషులుండే వైపు ఇంకా ఎక్కువ ఉండాలి. ఆ దూరాన్ని మీ ల్యాబ్ భద్రతా నియమాలే నిర్ణయిస్తాయి.

ఎర్తింగ్‌కు సన్నని గుండ్రటి తీగ వాడకండి. వెడల్పాటి రాగి పట్టీ కావాలి. మీటరు తీగకు దాదాపు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. మైక్రోసెకనులో 1 కిలోఆంపియర్ పెరిగితే 3 మీటర్ల ఎర్త్ తీగ రెండు కొసల మధ్య 3 కిలోవోల్టులు పుడతాయి. మల్టీమీటర్ పెడితే అదే తీగ సున్నా ఓమ్‌లు చూపిస్తుంది. "ఎర్త్ బాగానే ఉంది కదా, స్కోప్ (తరంగాన్ని చూపే ఆసిలోస్కోప్) ఎందుకు రీసెట్ అవుతోంది?" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

జనరేటర్ అడుగు భాగం, టెస్ట్ పీస్, డివైడర్ మూడూ ఒకే ఎర్త్ పాయింట్ దగ్గర కలవాలి. హై వోల్టేజీ కనెక్షన్ జనరేటర్ నుంచి ముందు టెస్ట్ పీస్‌కు, అక్కడి నుంచి డివైడర్‌కు వెళ్ళాలి. డివైడర్‌ను మధ్యలో పెడితే మీరు కొలిచేది టెస్ట్ పీస్ మీద పడిన వోల్టేజీ కాదు.

## 3. కొలిచే ఏర్పాటు

స్కోప్‌లు కాలిపోయేది ఇక్కడే.

డివైడర్ నిష్పత్తి 2000:1 అనుకుందాం. 260 కిలోవోల్టులకు కేబుల్ చివర 130 వోల్టులు వస్తాయి. చాలా స్కోప్‌లలో 50 ఓమ్‌ల ఇన్‌పుట్ 5 వోల్టులకు మించి తట్టుకోదు. మెనూలో ఎవరో 50 ఓమ్‌లు ఎంచి వదిలేసి ఉంటే ఒక్క షాట్‌తో ఇన్‌పుట్ పోతుంది. అందుకని ప్రతి సెషన్‌కు ముందు ఇన్‌పుట్ సెట్టింగ్ కళ్ళతో చూసి, తగిన అటెన్యుయేటర్ పెట్టండి.

టెర్మినేషన్ డివైడర్ రకాన్ని బట్టి మారుతుంది:

- రెసిస్టివ్ డివైడర్: కేబుల్‌కు స్కోప్ చివర మ్యాచింగ్ టెర్మినేటర్ ఉండాలి. లేకపోతే రీడింగ్ తప్పుతుంది.
- కెపాసిటివ్ డివైడర్: మ్యాచింగ్ రెసిస్టర్ డివైడర్ చివర, కేబుల్‌కు సిరీస్‌లో ఉండాలి. స్కోప్ 1 మెగాఓమ్ మీద ఉండాలి. ఇక్కడ 50 ఓమ్‌ల టెర్మినేటర్ తగిలిస్తే కింది కెపాసిటర్ దాని గుండా ఖాళీ అయిపోయి, తెర మీద టెయిల్ కనిపించకుండానే పడిపోతుంది.

పూర్తి లైట్నింగ్ ఇంపల్స్‌కు 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ సరిపోతుంది. స్కోప్‌ను షీల్డ్ చేసిన పెట్టెలో ఉంచి, ఫిల్టర్ చేసిన సప్లై ఇవ్వండి. స్కోప్ ఎర్త్ పిన్ పీకేసి "ఫ్లోట్" చేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. నాయిస్ తగ్గవచ్చు గానీ స్కోప్ బాడీ మీదకు కిలోవోల్టులు రావచ్చు, ఆ నాబ్ తిప్పేది మనిషే. ఎంత తొందర ఉన్నా ఆ పని చేయకండి.

## 4. గ్యాప్‌లు సరిచేయడం

జనరేటర్ డిశ్చార్జ్ అయి, ఎర్త్ అయి ఉందని నిర్ధారించుకున్నాకే (8వ భాగం) గోళాలను ముట్టుకోండి.

మొదట మెత్తని బట్టకు కొద్దిగా ఆల్కహాల్ అద్ది గోళాలను తుడవండి. వేళ్ళ జిడ్డు, దుమ్ము, చిన్న పోగు ఏది ఉన్నా గ్యాప్ ముందే పేలుతుంది. గుంటలు పడి ఉంటే సన్నని ఎమెరీ కాగితంతో నునుపు చేయండి. లోతుగా తినేసి ఉంటే గోళాన్ని కాస్త తిప్పి కొత్త ముఖం ఎదురుగా పెట్టండి.

60 కిలోవోల్టులకు 125 మిల్లీమీటర్ల గోళాల మధ్య 2 సెంటీమీటర్ల దగ్గర గాలి తెగుతుంది. మనకు అవి ట్రిగ్గర్ వచ్చేదాకా ఆగాలి కాబట్టి అంతకన్నా కొంచెం ఎక్కువ దూరం పెడతాం. తనంతట తాను పేలే వోల్టేజీకి 80, 85 శాతం దగ్గర ఛార్జింగ్ వోల్టేజీ ఉంటే మంచిది. మరీ దగ్గరైతే ట్రిగ్గర్ లేకుండానే పేలుతుంది, మరీ దూరమైతే ట్రిగ్గర్ ఇచ్చినా పేలదు.

వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రామాణిక స్థితి 20 డిగ్రీలు, 1013 హెక్టోపాస్కల్స్. గది 35 డిగ్రీల్లో, పీడనం 950 దగ్గర ఉంటే గాలి సాంద్రత నిష్పత్తి 0.89కి పడిపోతుంది. నిన్న చల్లని గదిలో సరిపోయిన గ్యాప్ ఈరోజు సుమారు 11 శాతం తక్కువ వోల్టేజీకే పేలుతుంది. యంత్రం చెడిందని మెకానిక్‌ను పిలిచే ముందు థర్మామీటర్, బారోమీటర్ చూడండి.

గ్యాప్‌లు ఒకదానికొకటి ఎదురుగా, ఒకే వరుసలో కనిపించేలా ఉండాలి. కింది గ్యాప్ పేలినప్పుడు వచ్చే అతినీలలోహిత కాంతి పై గ్యాప్‌లు పేలడానికి సాయపడుతుంది. మధ్యలో అట్టో పలకో అడ్డం పెట్టారంటే పై స్టేజీలు మొరాయిస్తాయి.

## 5. ఛార్జింగ్‌కు ముందు చెక్‌లిస్ట్

ఒకరు చదవాలి, రెండోవారు వస్తువును చేత్తో చూపిస్తూ జవాబు చెప్పాలి. ఒంటరిగా ఉంటే ఈరోజుకు షాట్ లేనట్టే.

☐ ఫెన్సింగ్ లోపల ఎవరూ లేరు. పేర్లు పిలిచి లెక్క చూశాం
☐ నిచ్చెన, పనిముట్లు, తీగ ముక్కలు అన్నీ బయటికి వచ్చాయి
☐ తలుపు ఇంటర్‌లాక్ తెరిచి చూస్తే ఛార్జర్ ఆగింది
☐ ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి చూస్తే ఎర్తింగ్ స్విచ్ పడింది
☐ డిశ్చార్జ్ రాడ్ (మిగిలిన ఛార్జ్‌ను ఎర్త్‌కు పంపే పొడవాటి కర్ర) కేబుల్ తెగలేదు, ఎర్త్ క్లాంప్ బిగుతుగా ఉంది
☐ వాడని కెపాసిటర్లు, వాడని డివైడర్ ఆర్మ్‌లు షార్ట్ చేసి ఉన్నాయి
☐ పోలారిటీ డయోడ్ దిశ సరిగ్గా ఉంది
☐ స్కోప్ ఇన్‌పుట్, అటెన్యుయేటర్, ట్రిగ్గర్ లెవెల్ చూశాం
☐ ఉష్ణోగ్రత, పీడనం, తేమ లాగ్‌లో రాశాం
☐ చివరగా డిశ్చార్జ్ రాడ్ తీసి దాని స్టాండ్‌లో పెట్టి, తలుపు వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాం

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళను హాల్లోకి రానివ్వకూడదు. చెవులకు రక్షణ అందరికీ తప్పనిసరి.

## 6. ఛార్జింగ్, షాట్

1. ఎర్ర దీపం వేసి, గట్టిగా "ఛార్జింగ్" అని చెప్పండి.
2. ఎర్తింగ్ స్విచ్ తెరుచుకుందని అద్దంలోంచి కళ్ళతో చూడండి. ప్యానెల్ దీపం ఒక్కటే చాలదు.
3. మొదటి షాట్ కావలసిన వోల్టేజీలో సగానికే పెట్టండి. గ్యాప్‌లను కూడా దానికి తగ్గట్టు దగ్గరికి తీసుకురండి.
4. వోల్టేజీని నెమ్మదిగా, ఒకే వేగంతో పెంచండి.
5. మీటర్ అనుకున్న విలువకు చేరగానే ట్రిగ్గర్ కొట్టకండి. మీటర్ చూపేది సాధారణంగా అడుగు స్టేజీనే. ఛార్జింగ్ రెసిస్టర్ల గుండా రావాలి కాబట్టి పై స్టేజీలు వెనకబడి ఉంటాయి. కొన్ని సెకన్లు ఆగండి. ప్రతి షాట్‌కూ అంతే సేపు ఆగండి.
6. "ఫైర్" అని చెప్పి ట్రిగ్గర్ ఇవ్వండి.
7. ఛార్జర్ ఆపి, స్కోప్ రికార్డు సేవ్ చేశాకే తర్వాతి షాట్ గురించి ఆలోచించండి.

పీక్ ఒక్కో షాట్‌కు ఒక్కోలా వస్తోందని చెప్పేవాళ్ళలో చాలామంది అయిదో అడుగు దగ్గర తొందరపడుతుంటారు. ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి పదిహేను సెకన్లు ఆగితే పీక్ నిలకడగా ఎలా ఉంటుంది?

షాట్‌కూ షాట్‌కూ మధ్య ఒక్క సెట్టింగ్ మాత్రమే మార్చండి. రెసిస్టరూ గ్యాపూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చలేరు.

## 7. తరంగం చదవడం

తెర మీద పీక్ చూసి, దానిలో 30 శాతం, 90 శాతం వచ్చే క్షణాలు గుర్తించండి. వాటి మధ్య సమయాన్ని 1.67తో గుణిస్తే ఫ్రంట్ టైమ్. ఉదాహరణకు ఆ తేడా 0.72 మైక్రోసెకన్లయితే ఫ్రంట్ 1.2 మైక్రోసెకన్లు. టెయిల్ టైమ్‌ను మాత్రం ఊహా ఆరంభ బిందువు (ఆ 30, 90 శాతం బిందువులను కలిపే గీత సున్నాను తాకే చోటు) నుంచి పీక్‌లో సగానికి పడేదాకా లెక్కించాలి.

ప్రమాణం ఇచ్చే వెసులుబాటు:

- ఫ్రంట్: ±30 శాతం, అంటే 0.84 నుంచి 1.56 మైక్రోసెకన్లు
- టెయిల్: ±20 శాతం, అంటే 40 నుంచి 60 మైక్రోసెకన్లు
- పీక్: ±3 శాతం

కొలతను నమ్మే ముందు ఒక పరీక్ష చేయండి. డివైడర్ దగ్గర కేబుల్ విప్పి, ఆ చివరను షార్ట్ చేసి, పక్కనే అలాగే ఉంచి షాట్ కొట్టండి. విప్పిన డివైడర్ కింది ఆర్మ్‌ను కూడా అప్పుడు షార్ట్ చేయడం మరవకండి. తెర మీద గీత దాదాపు చదునుగా ఉండాలి. సిగ్నల్‌లో 1 శాతం మించి గజిబిజి వస్తే మీ ఏర్పాటు నాయిస్ పట్టుకుంటోందని అర్థం. దాన్ని సరిచేయకుండా టెస్ట్ ఫలితాలు రాయడం దండగ.

## 8. లోపలికి వెళ్ళడం

ఈ భాగం రెండుసార్లు చదవండి.

ముందు బ్లీడర్ (మిగిలిన ఛార్జ్‌ను మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్) లెక్క చూద్దాం. ఛార్జ్ అయినప్పుడు అయిదు కెపాసిటర్లూ సమాంతరంగా 0.5 మైక్రోఫారడ్. 50 మెగాఓమ్‌ల బ్లీడర్ ఉంటే టైమ్ కాన్‌స్టంట్ 25 సెకన్లు. అయిదు రెట్లు, అంటే 125 సెకన్లు ఆగినా 60 కిలోవోల్టుల్లో 0.67 శాతం, సుమారు 400 వోల్టులు మిగిలే ఉంటాయి. "రెండు నిమిషాలు ఆగాం కదా" అన్న మాటకు అర్థం లేదు.

అంతకన్నా ప్రమాదకరమైన పరిస్థితి ఇంకొకటి ఉంది. మూడో స్టేజీకి వెళ్ళే ఛార్జింగ్ రెసిస్టర్ ఛార్జ్ అయ్యాక లోపల తెగిపోయిందనుకోండి. బయటికి ఏమీ కనిపించదు. షాట్ సగంలో తప్పింది, పై గ్యాప్‌లు పేలలేదు. మీరు ఎర్తింగ్ స్విచ్ వేశారు. మీటర్ సున్నా చూపింది, పచ్చ దీపం వెలిగింది. కానీ మీటర్, బ్లీడర్, ఎర్తింగ్ స్విచ్ మూడూ తెగిన రెసిస్టర్‌కు ఇవతలే ఉన్నాయి. అవతల ఆ స్టేజీలో 60 కిలోవోల్టులు, 180 జౌల్స్ అలాగే కూర్చున్నాయి. దీపాలు చెప్పింది అబద్ధం కాదు, వాటికి తెలిసినంత మేరకే చెప్పాయి.

అందుకే రాడ్‌తో ప్రతి స్టేజీనీ విడివిడిగా తాకాలి. ఒక టెర్మినల్ తాకితే చాలదు. ఎర్త్ వైపు రెసిస్టర్ కూడా తెగి ఉండొచ్చు. కెపాసిటర్ రెండు టెర్మినల్స్‌నూ కలపాలి.

వరుస ఇది:

1. ఛార్జర్ ఆపండి, మెయిన్ ఐసొలేటర్ తీసి తాళం వేయండి. తాళంచెవి లోపలికి వెళ్ళే మనిషి దగ్గరే ఉండాలి.
2. ఎర్తింగ్ స్విచ్ పడిందని కళ్ళతో చూడండి. బ్లీడర్ సమయం పూర్తిగా ఆగండి.
3. రాడ్ ఎర్త్ క్లాంప్ బిగించి ఉందో లేదో చేత్తో లాగి చూడండి. రాడ్‌ను గార్డుకు వెనక, రెండు చేతులతో పట్టుకోండి. కేబుల్ ఒంటికి తగలకుండా పక్కకు వదలండి.
4. తలుపు దగ్గర ఒకరు నిలబడి ఎమర్జెన్సీ స్టాప్ మీద చెయ్యి ఉంచాలి. మాటలు బంద్.
5. మొదట రెసిస్టర్ ఉన్న కొనతో అడుగు స్టేజీని తాకి, కొన్ని సెకన్లు ఉంచండి. నేరుగా షార్ట్ చేస్తే వేల ఆంపియర్లు పారి కెపాసిటర్ దెబ్బతింటుంది, కరిగిన లోహం ఎగురుతుంది.
6. తర్వాత నేరు కొనతో అదే స్టేజీని తాకండి. ఇలా ఒక్కో స్టేజీ పైకి వెళ్ళండి.
7. ప్రతి కెపాసిటర్ రెండు టెర్మినల్స్ మధ్యా షార్టింగ్ తీగ తగిలించండి. టెస్ట్ పీస్‌నూ డివైడర్‌నూ వదలకండి.
8. రాడ్‌ను హై వోల్టేజీ టెర్మినల్‌కు వేలాడదీసి, పని అయ్యేదాకా అక్కడే ఉంచండి.

ఏడో అడుగు అదనపు జాగ్రత్త అనుకోకండి. షార్ట్ చేసి తీసేసిన కెపాసిటర్‌లో ఇన్సులేషన్ లోపల చిక్కుకున్న ఛార్జ్ మెల్లగా బయటికొస్తుంది. కొన్ని నిమిషాల్లో టెర్మినల్స్ మీద మళ్ళీ వందల వోల్టులు తయారవుతాయి. నెలల తరబడి అలమరాలో ఉన్న పెద్ద కెపాసిటర్‌కైనా షార్టింగ్ తీగ ఉండాల్సిందే.

రాడ్ తాకినప్పుడు ఏ స్టేజీ దగ్గరైనా "టప్" మని మోగితే ఆ రోజుకు షాట్‌లు ఆపండి. ఆ స్టేజీ ఛార్జింగ్ రెసిస్టర్లు విప్పి కొలవండి.

## 9. తరచూ వచ్చే సమస్యలు

ట్రిగ్గర్ ఇవ్వకముందే పేలుతోంది. గోళాలు తుడిచి, గాలి సాంద్రత లెక్క మళ్ళీ చూడండి. ఇంకా పేలుతుంటే గ్యాప్‌ను మిల్లీమీటరు చొప్పున పెంచండి. గది చీకటి చేసి, ఫెన్సింగ్ బయట నుంచి చూస్తే కరోనా వెలుగు (గాలిలోకి ఛార్జ్ కారే చోట కనిపించే వెలుగు) ఏ మొన దగ్గరుందో దొరుకుతుంది.

ట్రిగ్గర్ ఇచ్చినా పేలడం లేదు. గ్యాప్ మరీ ఎక్కువ కావచ్చు, ట్రిగ్గర్ పల్స్ బలహీనపడి ఉండొచ్చు. ముందు ఛార్జింగ్ వోల్టేజీని పూర్తిగా దించండి. ఛార్జ్ ఉండగా లోపల ఏదీ సరిచేయడానికి వెళ్ళకూడదు.

పీక్ బాగా తక్కువ. కొన్ని స్టేజీలే పేలాయి. అయిదింటిలో నాలుగు పేలితే పీక్ సుమారు 80 శాతమే వస్తుంది. అలాంటి షాట్ తర్వాత లోపల మిగిలిన ఛార్జ్ ఉందనే అనుకుని 8వ భాగం పాటించండి.

ఫ్రంట్ మీద అలలు. లూప్ ఇండక్టెన్స్ ఎక్కువైంది. మన లోడ్‌కు ఇండక్టెన్స్ 20 మైక్రోహెన్రీలయితే అలలు లేకుండా ఉండటానికి కనీసం 210 ఓమ్‌ల ఫ్రంట్ రెసిస్టెన్స్ కావాలి. మనం పెట్టింది 223, అంటే అంచు మీదే ఉన్నాం. ముందు హై వోల్టేజీ తీగను పొట్టి చేసి, లూప్‌ను చిన్నది చేయండి. అప్పటికీ తగ్గకపోతే రెసిస్టెన్స్ పెంచండి, ఫ్రంట్ టైమ్ 1.56 దాటకుండా చూసుకుంటూ. ఇండక్టివ్‌గా చుట్టిన తీగ రెసిస్టర్ వాడుతున్నారేమో కూడా చూడండి.

టెయిల్ తొందరగా పడిపోతోంది. కెపాసిటివ్ డివైడర్ అయితే మొదట ఆ 50 ఓమ్‌ల టెర్మినేటర్ కోసం వెతకండి. అది లేకపోతే టెస్ట్ పీస్ వైండింగ్ లాంటి ఇండక్టివ్ లోడ్ కావచ్చు. టెయిల్ రెసిస్టెన్స్ పెంచితే కొంత మెరుగవుతుంది. తక్కువ ఇండక్టెన్స్ వైండింగ్‌కు స్టేజీ కెపాసిటెన్స్ కూడా పెంచాల్సి వస్తుంది.

ఛార్జింగ్ వోల్టేజీ ఎక్కడం లేదు. ముందు చూడాల్సింది మరిచిపోయిన షార్టింగ్ తీగ. తర్వాత పూర్తిగా తెరుచుకోని ఎర్తింగ్ స్విచ్, ఆ తర్వాతే పోయిన డయోడ్.

పోలారిటీ మార్చాక అంతా మారిపోయింది. మారుతుంది. మొనదేలిన టెస్ట్ పీస్‌లు పాజిటివ్‌కూ నెగెటివ్‌కూ వేర్వేరు వోల్టేజీల దగ్గర తెగుతాయి. ట్రిగ్గర్ పల్స్ పోలారిటీ కూడా ప్రధాన గ్యాప్‌కు తగినట్టు మార్చాలేమో మాన్యువల్‌లో చూడండి.

## 10. లాగ్‌లో రాయాల్సినవి

షాట్ సంఖ్య, ఛార్జింగ్ వోల్టేజీ, ఆగిన సెకన్లు, గ్యాప్ దూరం, రెసిస్టర్ విలువలు, పీక్, ఫ్రంట్, టెయిల్, వాతావరణం. తప్పిన షాట్‌లు కూడా రాయండి. ఏ స్టేజీ ఎప్పటి నుంచి మొరాయిస్తోందో వాటిలోనే దొరుకుతుంది. షార్టింగ్ తీగలు ఎన్ని తగిలించారో, తీసేటప్పుడు ఎన్ని తీశారో పక్కపక్కనే రాసి, రెండూ సమానమయ్యాకే మళ్ళీ తలుపు వేయండి.